పదిహేనేళ్ళు అని రాశాం

గోపన్‌పల్లి,
ఫిబ్రవరి 12

వదినగారికి,

స్టెల్లా వందనాలు. ఫోను చెయ్యకుండా ఈ ఉత్తరమేంటని కంగారు పడకండి. అంటే, కంగారు పడాల్సిందే, కాకపోతే కూర్చుని చదవండి. ఫోన్లో మాట్లాడితే మీ చెవికి సగమే అందుతుంది. ఆ మిగతా సగం కోసం నేను అరిస్తే పక్కగదిలో ఉన్న మీ తమ్ముడికి మొత్తం అందుతుంది. పోనీ వాట్సాప్ పెడదామంటే మా ఇద్దరి ఫోన్లకీ ఒకటే పాస్‌వర్డు, పెళ్ళైన కొత్తలో ముచ్చటపడి పెట్టుకున్నాం. మీరు జవాబు నల్లగండ్లలోని మా స్కూలు అడ్రసుకి రాయండి. ఇంటికి మాత్రం రాయొద్దు.

గురువారం స్కాన్ చూశారు. పాంక్రియాస్‌లో ఉన్న క్యాన్సరు లివర్‌కి పాకిందట. ఈయన్ని రక్తపరీక్షకి కింది అంతస్తుకి పంపి, డాక్టరుగారు నన్నొక్కదాన్నే కూర్చోబెట్టి చెప్పారు. నాలుగు నెలలు. మందు పనిచేస్తే ఆరు. అప్పుడు నేనేం చేశానో తెలుసా? ఆయన టేబుల్ మీది టిష్యూ డబ్బాని సరిగ్గా అంచుకి జరిపి పెట్టాను. తర్వాత "ఆయనకి చెప్పకండి సార్, దణ్ణం పెడతాను" అన్నాను. "అడిగితే అబద్ధం చెప్పలేనమ్మా, అడక్కపోతే నేనుగా ఎత్తను" అన్నారు. ఇంతలో ఈయన మోచేతికి దూది అదుముకుంటూ పైకొచ్చి "ఏమన్నడు డాక్టరు?" అన్నారు. "వేరే మందు ఉందన్నారు" అన్నాను. ఇంకేమీ అడగలేదు.

శనివారం ఇంట్లో ప్రార్థన పెట్టించాను. పాస్టరుగారు చిన్ను తల మీద చెయ్యి పెట్టి, "ఈ బిడ్డ పెళ్ళి వాళ్ళ నాన్న చేతుల మీదుగా జరగాలి ప్రభువా, పదిహేనేళ్ళు అడుగుతున్నాం, ఒక్క రోజు తగ్గినా ఒప్పుకోం" అన్నారు. చిన్నుకి తొమ్మిదేళ్ళు కదా. గదిలో ఉన్న ఇరవై మందీ ఆమెన్ అన్నారు, అందరికంటే గట్టిగా మీ తమ్ముడే అన్నారు. ఆమెన్ అన్నాక అనుమానపడితే అడిగిందంతా పోతుందని మా అమ్మ చిన్నప్పట్నుంచీ చెప్పేది.

సోమవారం ఆసుపత్రిలో కిరణ్మయి అని ఒక అమ్మాయి మా దగ్గరికొచ్చింది. వాళ్ళదేదో పరిశోధన. జబ్బు ముదిరినవాళ్ళు తమకి ఎంత కాలం ఉందనుకుంటున్నారు, ఇంట్లోవాళ్ళు ఎంత అనుకుంటున్నారు, డాక్టరు అంచనా ఎంత, ఆ అంచనాని బట్టి చివర్లో వైద్యం ఎలా మారుతుంది అని కొలుస్తారట. మా ఇద్దర్నీ వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి ఫారాలిచ్చింది. "ఒకరిది ఒకరికి చూపించం మేడమ్, మీరు సరేనంటే డాక్టరుగారికి మాత్రం చూపిస్తాం" అంది. సరేనన్నాను. ఎంత కాలం అన్న చోట పెన్ను పెట్టాను. నాలుగు నెలలని రాయడానికి చెయ్యి రాలేదు. రాస్తే నేనే సంతకం పెట్టి ఆయన్ని పంపించినట్టు కాదూ? పదిహేను సంవత్సరాలు అని రాశాను. ఎలాంటి వైద్యం కావాలంటే, "చెయ్యగలిగినదంతా" దగ్గర టిక్కు పెట్టాను.

ఆయనకేమీ తెలీదు. మీరు తెలియనివ్వకండి. మీ కాళ్ళు పట్టుకుంటాను వదినగారూ.

స్టెల్లా


హైటెక్ సిటీ,
ఫిబ్రవరి 20

అక్కా,

పదో తరగతి తర్వాత నీ తమ్ముడు కాగితం మీద ఇంత రాసుడు ఇదే మొదలు. కోడి గెలికినట్టున్న అక్షరాలు చూసి నవ్వకు. వాట్సాప్‌లో రాస్తే స్టెల్లా చూస్తది. అందుకే ఆఫీసు నుంచి కొరియర్ చేస్తున్న.

సూటిగా చెప్తా. నాకు తెలుసక్కా. నా ఉద్యోగమేంది? ఇంకొకడు రాసిన ప్రోగ్రాములో తప్పులు పట్టుడు. వాడు అంతా మంచిగుంది అంటే నమ్మకపోవుడుకే నాకు జీతమిస్తరు. అసుమంటోణ్ణి, నా రిపోర్టు నేను చదువుకోనా? చదివిన. నాలుగు నెలలో, ఐదో. స్టెల్లా "వేరే మందు ఉందన్నారు" అన్నప్పుడు ఆమె మొహం చూస్తే మన చిన్ను కూడా పట్టేస్తది. పాపం ఆమెకు అబద్ధం చెప్పుడు అస్సలు రాదు. అందుకే ఇంకేమీ అడగలే. అడిగితే ఇంకో అబద్ధం చెప్పాల్సి వస్తది కదా.

మందు ఎక్కించే గది ఆరో అంతస్తుల ఉంటది. కిటికీలకెల్లి మా ఆఫీసు అద్దాల బిల్డింగు కనబడతది. చేతికి సూది పెట్టుకుని పొద్దటి మీటింగుకు కూర్చుంట. మా లీడర్ దినేష్ "నతానియేల్, ఏదో బీప్ బీప్ అంటోంది, ఎక్కడున్నావ్?" అంటే "లిఫ్టులో ఉన్న" అంటి. రెండు గంటలు లిఫ్టులో ఉన్నోణ్ణి నేనొక్కణ్ణే కావచ్చు.

ఒకామె ఫారం ఇచ్చింది, ఎంత కాలం ఉంటవనుకుంటున్నవ్ అని. నిజంగానైతే మామిడిపండ్ల దాకా అని రాద్దామనుకున్న. కానీ దాన్ని స్టెల్లాకు చూపిస్తే? చూపియ్యం అనే అన్నరు గానీ, దవాఖానల ఏ కాగితం ఎవరి చేతికి పోతదో నీకు నేను చెప్పాల్నా? ఆమె ఇరవై మందిని పిలిచి పదిహేనేళ్ళకు ఆమెన్ అనిపించింది. నేను మామిడిపండ్లు అని రాస్తే ఆమె విశ్వాసం నా చేతులతోనే పడగొట్టినట్టు. పదిహేను అని రాసిన. అన్ని మందులూ కావాలని రాసిన.

నీకైతే నిజం చెప్తా. మందు ఇగ పనిచేస్తలేదని తెలిసిన రోజు ఆపేయాలె. హాల్లో బాల్కనీ పక్కన మంచం వేయించుకోవాలె. పొద్దున చిన్ను బస్సు కోసం ఉరుకుడు, సాయంత్రం వచ్చి బ్యాగు ఇసిరేసి "డాడీ" అని అరుసుడు, ఇవి వినుకుంట పోవాలె. ఇంకేం వద్దు. ఐసీయూల గొట్టాలు పెట్టుకుని పోవుడు నాకు భయమక్కా. చచ్చిపోతనని కూడా అంత భయం లేదు.

స్టెల్లాకు చెప్పకు. మాటియ్యి. పరేషాన్ కాకు.

నీ చిన్నోడు
నతానియేల్


డోర్నకల్,
మార్చి 4

స్టెల్లా,

నీ ఉత్తరం అందింది. జవాబుకు ఇన్ని రోజులు పట్టినందుకు ఏమీ అనుకోకు. మూడుసార్లు రాసి చింపేశాను.

ముందు పనికొచ్చే మాటలు. నోరు పూస్తే గోరువెచ్చని నీళ్ళలో చిటికెడు ఉప్పు, చిటికెడు వంటసోడా వేసి రోజుకు ఐదారుసార్లు పుక్కిలించమను. పళ్ళెం నిండా పెట్టి తినమని సతాయించకు. గంటకోసారి నాలుగు ముద్దలు పెట్టు. పోపు వాసన పడకపోతే వాడు తినే ముందు వంటింటి తలుపు మూసెయ్యి. జ్వరం నూటొకటి దాటితే పొద్దున చూద్దాంలే అనుకోకుండా వెంటనే తీసుకుపో. ముప్పై నాలుగేళ్ళు నర్సు పని చేసిన దాన్ని, ఈ మాట గట్టిగా చెప్తున్నా.

ఇంకో మాట అడగనా? నీకేం కావాలని వాణ్ణి ఎప్పుడైనా అడిగినవా? జబ్బు సంగతి ఎత్తకుండానే, ఊరికే అడగొచ్చు. వద్దులే. నీకెట్ల తోస్తే అట్ల చెయ్యి. నేనెవరిని చెప్పడానికి?

మా ఆయన, మీ అన్నయ్య ప్రభుదాసు సంగతి నీకు పూర్తిగా ఎవరూ చెప్పి ఉండరు. ఆయనకు కిడ్నీలు పోయినప్పుడు డాక్టరు నెల రోజులు అన్నాడు. నేను నర్సును కదా, దాచడం నాకు నామోషీ అనిపించింది. పక్కన కూర్చుని నేనే చెప్పాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ పూట నుంచి తినలేదు. తొమ్మిదో రోజు పోయాడు. జబ్బు చంపిందో, నా మాట చంపిందో పదహారేళ్ళయినా తేల్చుకోలేకపోతున్నా. అందుకని నువ్వు దాచమంటే దాస్తాను. అడిగేవాళ్ళు ఎవరు అడిగినా దాస్తాను.

చిన్నుకు ముద్దులు.

హన్నా


గోపన్‌పల్లి,
ఏప్రిల్ 22

వదినగారికి,

మీరు చెప్పిన సోడా నీళ్ళతో నోటిపూత తగ్గింది. కానీ స్కాన్ బాగా రాలేదు. ఆ మందు పనిచెయ్యలేదట.

డాక్టరుగారు ఈసారి ఇద్దర్నీ కూర్చోబెట్టారు. "రెండు దారులున్నాయి. ఇంకో మందు ఇవ్వొచ్చు, గట్టిది, ఒంటిని పిండేస్తుంది. లేదంటే మందు ఆపి, నొప్పి తెలియకుండా ఇంట్లోనే చూసుకునే ఏర్పాటు చెయ్యొచ్చు" అన్నారు. నేను ఆయన్ని చూశాను, ఆయన నన్ను చూశారు. "స్టెల్లా ఎట్లంటే అట్ల సార్" అన్నారు. నేను మందే అన్నాను. డాక్టరుగారు ఫైలు తిప్పి "అవున్లే, ఫారాల్లోనూ ఇద్దరూ పదిహేనేళ్ళనే రాశారు, అంతా చెయ్యమన్నారు" అన్నారు.

విన్నారా? ఆయన కూడా పదిహేనే రాశారు వదినగారూ! నేను చూడనని తెలిసిన కాగితం మీద! అంటే ఆయన మనసారా నమ్ముతున్నట్టే కదా. కొత్తగూడ ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో ఆగినప్పుడు క్యాబ్‌లో వెనక కూర్చుని ఏడ్చేశాను. "ఏంది స్టెల్లా?" అంటే ఏసీ గాలి కళ్ళలోకి కొడుతోందన్నాను. ఆయన ఏసీ అటు తిప్పమని డ్రైవరుకి చెప్పారు.

చిన్నుని సెలవులకి తెనాలి, మా అమ్మ దగ్గరికి పంపేశాను. వాంతులు చూసి అది భయపడుతోంది. పంపేటప్పుడు ఈయన "ఇప్పుడే ఎందుకు? ఇంకో వారం ఉండనియ్యరాదా?" అన్నారు. బస్సు టికెట్లు కొనేశానండి అన్నాను.

ఒక్క విషయం మాత్రం మనసులో ముల్లులా గుచ్చుకుంటోంది. మొన్న ఆయన టేపు తీసుకుని హాల్లో బాల్కనీ పక్కన కొలుస్తున్నారు. ఎందుకండీ అంటే "మంచం పడతదా అని, ఊరికే" అన్నారు. వదినగారూ, మీకేమైనా చెప్పారా? ఆయనకి తెలిసిపోయిందా? తెలిసుండి, మందు వద్దనుకుంటూ, నా కోసం ఒప్పుకుంటుంటే మాత్రం నేను ఆయనకి బలవంతంగా ఎక్కించను. అంత రాక్షసిని కాను. నిజం ఒక్క మీ దగ్గరే దొరుకుతుందని అడుగుతున్నాను. మీరు ఏది రాస్తే అది చేస్తాను.

స్టెల్లా


డోర్నకల్,
ఏప్రిల్ 29

చిన్నోడా,

స్టెల్లా నన్ను సూటిగా అడిగింది. నీ పెండ్లాం అంతా తెలిసి చాటుకు ఏడుస్తున్నది. నువ్వు అంతా తెలిసి జోకులేస్తున్నవ్. ఇద్దరి మధ్యన ఈ చెవిటి ముసల్దాన్ని నిలబెట్టిన్రు. ఆమె మందు ఆపుతానంటున్నదిరా, నీకు వద్దంటే. ఇచ్చిన మాట నుంచి నన్ను విడిపించు. ఒక్క ముక్క రాయి, చాలు.

అక్క


గోపన్‌పల్లి,
మే 7

అక్కా,

చెయ్యి వణుకుతంది, పొట్టిగా రాస్తున్న. దినేష్ చూడనీకె వచ్చి నీ ఉత్తరం ఇచ్చిండు, కొరియర్ చెయ్యమని ఆయనకిస్తున్న.

ఇప్పుడు చెప్పకు. చెప్తే ఇన్నాళ్ళు ఎక్కించిన ప్రతి సూదీ నేనే పొడిచిన అని తలకాయ బాదుకుంటది. ఈ మందు ఇంకొక్కసారి ఎక్కించుకుంట, ఇరవై ఎనిమిదో తారీఖుకు. ఆమె తృప్తి కోసం. జూన్ పదికి చిన్ను వస్తది. అప్పుడు ముగ్గురం కూసున్నప్పుడు నేనే నా నోటితో చెప్తా. నవ్వుకుంటనే చెప్తా చూడు. ఒక్క నెల ఓపిక పట్టు.

చిన్నోడు


డోర్నకల్,
మే 13

స్టెల్లా,

నువ్వు అడిగినదానికి జవాబు. వాడు నాకేమీ చెప్పలేదు. టేపుతో కొలిచాడంటే ఊరికే కొలిచి ఉంటాడు. చిన్నప్పటి నుంచీ వాడికి అదొక పిచ్చి. నువ్వు ఆలోచించి చేస్తున్నది మంచిదే. ధైర్యంగా ఉండు.

హన్నా


డోర్నకల్,
జులై 25

స్టెల్లా,

వాడు పోయి నేటికి నలభై రెండు రోజులు. సమాధి దగ్గర నీ చెయ్యి పట్టుకుని నిలబడ్డప్పుడు కూడా ఈ సంగతి నా గొంతులోనే ఉంది. ఇంక మోయలేను. దీంతో పాటు వాడు నాకు రాసిన రెండు ఉత్తరాలు పంపుతున్నా. ముందు అవి చదువు. తర్వాత ఇది చదవాలనిపిస్తే చదువు, లేదంటే చింపెయ్యి.

చదివినవా? వాడికి ఫిబ్రవరి నుంచే తెలుసు. వాడికి ఏం కావాలో నాకూ ఫిబ్రవరి నుంచే తెలుసు. నువ్వు అడిగినప్పుడు అబద్ధం రాశాను.

ఆ డోసు తర్వాత జూన్ మూడున జ్వరం రావడం, రక్తంలో కణాలు పడిపోవడం, ఐసీయూ, ఇవేవీ నేను అనుకోలేదు. నర్సునై ఉండి అనుకోలేదు. వాడు చెప్తానన్న రోజుకు వాడి నోట్లో గొట్టం ఉంది. ఆ పదకొండు రోజులు నీ పక్కనే ఆ ఇనుప కుర్చీల మీద కూర్చున్నా. నువ్వు ఇడ్లీ తెచ్చి నాకు తినిపించినవ్.

ఇప్పుడు రాసేది ఎవరికీ చెప్పలేదు. నాలుగో రోజు ఐసీయూ డాక్టరమ్మ వచ్చి, కిడ్నీలు ఆగుతున్నయి, డయాలసిస్ పెట్టమంటారా, ఆపి ఇంటికి తీసుకుపోతారా, ఇంటికైతే నొప్పి లేకుండా చూసే మనిషిని పంపిస్తాం అన్నది. నువ్వు నా చెవి దగ్గరకు వంగి, హాలంతా వినబడేటట్టు "వదినా, ఆయనైతే ఏమంటారు?" అని అడిగినవ్. నాకు వినబడింది స్టెల్లా. మంచిగ వినబడింది. వినబడనట్టు కూర్చున్నా. నువ్వు రెండోసారి అడగలేదు. పెట్టండి అన్నావు.

ఇంటికి తీసుకుపొమ్మంటే మళ్ళీ నేనే చంపినదాన్ని అవుతానని భయపడ్డా. మొగుణ్ణి చెప్పి చంపిన. తమ్ముణ్ణి చెప్పక చంపిన. చిన్ను తెనాలి నుంచి వచ్చి, పన్నెండేళ్ళ లోపు పిల్లల్ని లోపలికి పంపం అంటే కింద పార్కింగులో మీ అమ్మతో కూర్చుంది. అది పైకి చూసి "డాడీ ఏ కిటికీ?" అని అడిగితే ఏదో కిటికీ చూపించాను. మనిషి జన్మ ఎత్తినందుకు ఆ రోజు సిగ్గుపడ్డా.

నన్ను క్షమించమని అడగను. నీకు తెలియాలె, అంతే.

హన్నా


గోపన్‌పల్లి,
ఆగస్టు 10

వదినగారికి,

మీ ఉత్తరం స్కూల్లో స్టాఫ్ రూములో తెరిచాను. కవర్లోంచి ఆయన చేతిరాత బయటికొచ్చింది. చదవడం అయ్యాక ఒకటో తరగతికి వెళ్ళి గుణింతాలు చెప్పాను. ఎలా చెప్పానో నాకే తెలీదు.

మీ మీద నాకు చెప్పలేనంత కోపంగా ఉంది. దాచను. మీరు అబద్ధం రాసినందుకు కూడా కాదు. ఆయనకి మాటిచ్చారు, సరే. వినబడనట్టు కూర్చున్నారు చూడండీ, అది నావల్ల కావట్లేదు. నేను రెండోసారి అడిగి ఉంటే చెప్పేవారా? రోజూ అంట్లు తోముతూ అదే అనుకుంటున్నాను. రెండోసారి ఎందుకు అడగలేదే దరిద్రపుదానా అని నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

ఆయన మీద కూడా కోపంగా ఉంది. నా విశ్వాసం పడిపోతుందట! నా విశ్వాసాన్ని నిలబెట్టడానికి ఆయన ఆ విషం ఎక్కించుకున్నారు. నేనేమో ఆయన ధైర్యాన్ని నిలబెట్టడానికి ఎక్కించాను. పదమూడేళ్ళు ఒకే పాస్‌వర్డుతో బతికాం, ఆ ఒక్క మాట మాత్రం మాట్లాడుకోలేకపోయాం.

మొన్న శనివారం కిరణ్మయి ఇంటికొచ్చింది. మనిషి పోయిన తర్వాత ఇంట్లోవాళ్ళని అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉంటాయట. పాపం తలుపు దగ్గరే నిలబడి, "మీకు ఇబ్బందైతే వెళ్ళిపోతాను మేడమ్" అంది. కూర్చోబెట్టి టీ ఇచ్చాను. "ముందు ఆ పదిహేనుని కొట్టెయ్యి తల్లీ, అది అబద్ధం, ఇద్దరిదీ అబద్ధమే" అన్నాను. ఆయన ఉత్తరం చూపించాను. చదివి, మడిచి నా చేతికిచ్చింది. ఒకసారి ఇచ్చిన జవాబు మార్చడానికి వీల్లేదట. వాళ్ళ పట్టికలో మేము రోగి, కుటుంబం ఒకే మాట మీద ఉన్న ఇంటి కిందికి వస్తామట. కోరుకున్న వైద్యమే అందినవాళ్ళ కిందికి వస్తామట. ఇది చెప్తూ ఆ పిల్ల ఏడ్చింది. నేనే ఓదార్చాను.

తర్వాత ఒక ప్రశ్న అడిగింది. "చివరి రోజుల్లో ఏం కావాలో ఆయన ఎవరికైనా చెప్పారా?" చెప్పారు, నాకు కాదు అన్నాను. అలాగే రాసుకోమన్నాను. రాసుకుంది.

చిన్ను తలుపు చాటునుంచి అంతా వింటోందని నేను చూసుకోలేదు. ఆ అమ్మాయి వెళ్ళాక వచ్చి, "డాడీ ఏం కావాలన్నారు?" అంది. ఇంక ఈ ఇంట్లో దాచడం నావల్ల కాదు. ఉత్తరంలో ఆ నాలుగు ముక్కలు చదివి వినిపించాను, స్కూలు బస్సు, బ్యాగు, డాడీ అని అరవడం. అది ఏడవలేదు. "అయితే నన్నెందుకు తెనాలి పంపావ్ మమ్మీ?" అంది. నాకు తెలీదమ్మా, నిజంగా తెలీదు అన్నాను. కాసేపు నా మొహంలోకి చూసింది. నమ్మిందనుకుంటాను.

"అత్తకి తెలుసా?" అంది.

అబద్ధం చెప్పలేదు వదినగారూ. తెలుసు అన్నాను.

ఆదివారం రండి. భోజనం ఇక్కడే. నేను మీతో సరిగ్గా మాట్లాడలేకపోవచ్చు. కానీ మీరు రావాలి. ఎందుకు చెప్పలేదో చిన్ను మిమ్మల్నే అడుగుతానంటోంది.

స్టెల్లా